ముందు గుండు గీయండి, జుట్టు సంగతి తర్వాత

ప్రశ్న: నమస్కారమండీ. బొమ్మలు వేయడం చిన్నప్పటి నుంచీ ఇష్టం, కానీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. గేములు ఆడుతూ కబుర్లు చెప్పే స్ట్రీమ్ ఒకటి మొదలుపెట్టాలని ఉంది. ముఖం చూపించడం ఇష్టం లేదు కాబట్టి ముఖానికి బదులు కదిలే బొమ్మను చూపించే వీట్యూబర్‌లా ఒక అవతార్ పెట్టుకుందామనుకున్నాను. నెల రోజులు కూర్చుని ట్యాబ్‌లో ఒక పాత్ర గీశాను. మోకాళ్ల దాకా వెండిరంగు జుట్టు, వీపున పెద్ద రెక్కలు, ఒక కన్ను నీలం, ఇంకో కన్ను బంగారు రంగు, నడుముకు గొలుసులు, చేతిలో మంత్రదండం. చూసినవాళ్లంతా బాగుందన్నారు. తీరా గీసిన బొమ్మను కదిలించే లైవ్‌టూడీ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టబోతే ఇది కదలదు, ముక్కలుగా కోయాలంటున్నారు. నేను గీసిందంతా ఒకే లేయర్ (పొర) మీద ఉంది. ఉన్నదాన్నే కోయాలా, మళ్లీ గీయాలా? నా చేతిపని అంత గొప్పది కాదు, డబ్బిచ్చి ఎవరితోనైనా చేయించుకోవడమే నయమా? నా దగ్గర మామూలు ల్యాప్‌టాప్, దాని వెబ్‌క్యామ్, ట్యాబ్ తప్ప ఇంకేమీ లేవు.

జవాబు: మళ్లీ గీయండి. కోసే పని పెట్టుకోకండి. ఒకే లేయర్ మీదున్న బొమ్మలో ముంగురుల వెనక నుదురు లేదు, పై రెప్ప వెనక కనుపాప లేదు, గడ్డం వెనక మెడ లేదు. కత్తిరించిన ప్రతిచోటా ఒక కన్నం మిగులుతుంది. ఆ కన్నాలన్నిటినీ రంగు కలిపి పూడ్చుకుంటూ కూర్చోవడం కన్నా కొత్తగా గీసుకోవడమే తేలిక. పైగా ఒకసారి గీసిన పాత్రే కాబట్టి ఈసారి చేయి తొందరగా సాగుతుంది. పాత బొమ్మను మాత్రం పారేయకండి. ఇక మీదట అదే మీ రిఫరెన్స్ షీట్, అంటే పాత్ర ఎలా ఉండాలో చూపించే నమూనా. రేపు ఎవరితో పని చేయించుకున్నా వాళ్లు మొదట అడిగేది దాన్నే.

లేయర్లు మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష. 1920 బై 1080 పిక్సెళ్ల కాన్వాస్ తెరిచి, మీరు ఆడే గేమ్ స్క్రీన్‌షాట్ ఒకటి దాని మీద పరవండి. మీ పాత్రను తెచ్చి కింది మూలలో, స్ట్రీమ్‌లో నిజంగా ఎక్కడ ఉండబోతోందో అక్కడ పెట్టండి. రెక్కలు, దండం, పాదాలు అన్నీ కనపడేలా ఇమిడిస్తే ముఖం బొటనవేలి గోరంత అవుతుంది. ముఖం ఆనేలా పెంచితే నడుము కింద ఉన్నదంతా తెర బయటికి పోతుంది. అంత ఓపిగ్గా మోకాళ్ల దాకా దించిన జుట్టు, నడుము గొలుసులు ఎవరి కంటా పడవు. ఫోన్‌లో చూసేవాళ్లకు ఇది ఇంకా చిన్నగా కనపడుతుంది. రెండు గంటల స్ట్రీమ్‌లో జనం చూసేది కళ్లు, నోరు, తల ఊపు. మిగతాదంతా మొదటి నిమిషంలో ఒకసారి చూసి వదిలేస్తారు.

అందుకని పాత్ర గుర్తులన్నిటినీ భుజాల పైకి ఎక్కించండి. రెక్కలు అంత ఇష్టమైతే చిన్నవి చేసి చెవుల పైన జుట్టులో గుచ్చండి, లేదా భుజాల వెనక నుంచి కొసలు మాత్రం తొంగిచూసేలా పెట్టండి. గొలుసును ఒక చెవికి వేలాడే పొడుగాటి జూకాగా మార్చండి. తల తిప్పినప్పుడల్లా అది ఊగుతుంది, ఆ ఊపుతోనే బొమ్మకు సగం ప్రాణం వస్తుంది. దండం మానేయండి. చేతిలో ఒక వస్తువు పెడితే ఆ చేయి ఎప్పటికీ అదే భంగిమలో ఉండిపోతుంది, అది ఛాతీకి అడ్డం వస్తే కదిలించడం మరీ కష్టం. జుట్టు భుజం దాటి ఒక జానెడు చాలు.

రెండు రంగుల కళ్ల విషయం మీ ఇష్టమే కానీ, ఒకటి చూసుకోండి. స్ట్రీమ్ సైజులో కనుపాప పదో పదిహేనో పిక్సెళ్లుంటుంది. అంత చిన్నచోట రంగు తేడా కన్నా ముదురు, లేత తేడానే కంటికి ఆనుతుంది. బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. అప్పుడూ రెండు కళ్లూ వేరువేరుగా కనిపిస్తే ఉంచుకోండి, లేకపోతే నీలాన్ని బాగా ముదురు చేయండి. అసలు ఒకే రంగు పెట్టినా తప్పేం లేదు. వీట్యూబర్లలో రెండు రంగుల కళ్లు ఎంత మామూలైపోయాయంటే, రెండూ ఒకే రంగులో ఉన్న పాత్రే ఇప్పుడు కాస్త కొత్తగా అనిపిస్తోంది.

పాత్ర మొత్తాన్ని నల్లరంగుతో నింపేసి నీడలా చూడడం ఇంకో పాత చిట్కా. 2016లో వచ్చి వర్చువల్ యూట్యూబర్ అన్న మాటను జనంలోకి తెచ్చిన కిజునా ఐని అలా నీడ చేసినా, నెత్తి మీద నిలబడ్డ రిబ్బన్ ఆమెను పట్టిస్తుంది. 2020లో వచ్చిన గార్ గురా అనే ఇంకో వీట్యూబర్‌కు సొరచేప హుడీ ఉంది. ఇద్దరికీ చెప్పుకోవడానికి ఒక్కో గుర్తు. మీ పాత్రకు ఐదున్నాయి, ఐదూ ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయి. ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటిని దానికి తోడుగా తగ్గించండి. నన్నడిగితే జుట్టులో రెక్కలు ఉంచుతాను. మీరు వేరే దాన్ని ఉంచుకున్నా ఫర్వాలేదు, ఒక్కటే ఉండాలి అంతే.

ఇక మీ వెబ్‌క్యామ్. ఏం గీయాలో సగం అదే నిర్ణయిస్తుంది. మామూలు వెబ్‌క్యామ్ తల తిప్పడం, వంచడం, నోరు తెరవడం, నవ్వు, రెప్పలు మూయడం దాకా బాగానే పట్టుకుంటుంది. ఒక కన్ను కొట్టడం దగ్గర తడబడుతుంది. బుగ్గలు పూరించడం, నాలుక బయటపెట్టడం దాని మీద ఆధారపడి గీసుకుంటే నిరాశే. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్‌తో మొదలై ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్లలో లోతు కొలిచే సెన్సర్ ఉంటుంది. దాని సాయంతో ఆపిల్ వాళ్ల ఏఆర్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్ ముఖంలో 52 రకాల కదలికలను విడివిడిగా ఇస్తుంది, అందుకే పెద్ద స్ట్రీమర్లు ముఖ కదలికలు పట్టే ట్రాకింగ్‌కి ఐఫోన్‌ను వాడతారు. అది లేదని మీరు బెంగపడక్కర్లేదు. మీ కెమెరా చూడలేని భావాలను కీబోర్డ్ మీటకు కట్టుకోవచ్చు. సిగ్గుతో ఎరుపెక్కిన బుగ్గలు, కంట్లో నీళ్లు, కోపంలో నుదుటి మీద నీడ, వీటిలో ఒక్కోదానికి ఒకటో రెండో లేయర్లు పెడితే చాలు. మీట నొక్కితే వస్తాయి, మళ్లీ నొక్కితే పోతాయి.

ఇప్పుడు మీకు బహుశా నచ్చని మాట ఒకటి. లైవ్‌టూడీ జోలికి వెంటనే పోకండి. ఈ వారం నాలుగు బొమ్మలు గీయండి: కళ్లు తెరిచి నోరు మూసినది, కళ్లు తెరిచి నోరు తెరిచినది, కళ్లు మూసి నోరు మూసినది, కళ్లు మూసి నోరు తెరిచినది. దీన్నే పీఎన్‌జీ ట్యూబర్ అంటారు. వెయాడోట్యూబ్ మినీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఈ నాలుగూ వేస్తే, మైకులో మీ గొంతు వినపడగానే నోరు తెరిచిన బొమ్మ వస్తుంది, మధ్యమధ్యలో దానంతటదే రెప్ప వేస్తుంది. కెమెరా అక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. నాలుగు బొమ్మలంటే నాలుగుసార్లు గీయడం కూడా కాదు. ఒళ్లు, జుట్టు, ముఖం ఒకటే. కళ్లు రెండు రకాలు, నోళ్లు రెండు రకాలు వేరే లేయర్ల మీద గీసి, ఒకదాన్ని దాచి ఇంకోదాన్ని చూపిస్తూ బ్యాక్‌గ్రౌండ్ లేకుండా పీఎన్‌జీలుగా సేవ్ చేయడమే. నాలుగింటి కాన్వాస్ సైజూ ఒకటే ఉండాలి, లేకపోతే మాట్లాడినప్పుడల్లా బొమ్మ ఎగిరెగిరి పడుతుంది.

ఇది తక్కువరకం పని అనుకోకండి. ఎన్నో ఏళ్లుగా దీంతోనే స్ట్రీమ్ చేస్తున్నవాళ్లున్నారు. మీకు దీనివల్ల ఇంకో లాభం ఉంది. కొన్ని వారాలు ఈ బొమ్మతో మాట్లాడాక మీ పాత్ర ఎలాంటిదో మీకే తెలుస్తుంది. భయపెట్టే గేములాడి గట్టిగా అరుస్తారనుకోండి, నోరు ఎంత పెద్దగా తెరుచుకోవాలో అప్పుడు అర్థమవుతుంది. నిదానంగా కబుర్లు చెప్పే రకమైతే కనుబొమల మీద ఎక్కువ పని చేయాలని తెలుస్తుంది. పాత్ర పుట్టుపూర్వోత్తరాలు పది పేజీలు రాసుకుని కనుబొమలు మర్చిపోయే డిజైన్లు బోలెడు కనపడతాయి. ఆ పది పేజీలు స్ట్రీమ్‌లో ఎవరికీ కనిపించవు, కనుబొమలు కనిపిస్తాయి.

ఆ తర్వాత లైవ్‌టూడీ కోసం గీయడం మొదలుపెట్టండి. నడుము దాకా చాలు. ముఖం నేరుగా ఎదురుగా, చేతులు ఒంటికి కాస్త దూరంగా, రెండువైపులా సమానంగా. వాలుగా ఉన్న ముఖం అందంగా ఉంటుంది, నిజమే, కానీ రెండోవైపు తిప్పినప్పుడు దాని పని పట్టడం మొదటిసారే నేర్చుకోవాల్సిన విద్య కాదు.

మొదట తల గీయండి, గుండుతో. చెవుల దాకా, నెత్తి దాకా పూర్తిగా చర్మం రంగు వేయండి. ఈ ముఖం లేయర్ మీద కళ్లు, నోరు ఏమీ ఉండకూడదు, గుడ్డులా నున్నగా ఉండాలి. ముక్కు కూడా వేరే లేయరే, తల తిరిగినప్పుడు అది ముఖం కన్నా ఎక్కువ జరుగుతుంది కదా. మెడను గడ్డం దగ్గర ఆపేయకుండా ముఖం వెనకగా పైకి తీసుకెళ్లండి. గడ్డం కింద మెడ మీద పడే నీడ ఇంకో లేయర్, తల కదిలితే ఆ నీడా కదలాలి. ఇదంతా గీసేటప్పుడు పాత్ర వికారంగా కనిపిస్తుంది. మీకొక్కరికే కాదు, అందరికీ అంతే.

కన్ను దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మొత్తం పనిలో సగం కష్టం ఇక్కడే. తెల్లగుడ్డు ఒక లేయర్. దాని మీద కనుపాప, సగం కాదు, పూర్తి గుండ్రంగా. పై రెప్ప కింద దాగి ఉండే భాగం కూడా గీయాలి, లేకపోతే పాత్ర కిందికి చూసినప్పుడు కనుపాప పై అంచు కోసేసినట్టు బయటపడుతుంది. కనుపాపను తెల్లగుడ్డు ఆకారానికి మాస్క్ చేస్తారు, అందుకే అది పక్కకు జరిగినా కంటి బయటికి రాదు. కనుపాపలో మెరుపు చుక్క వేరే లేయర్. చూపు పక్కకు తిరిగినా మెరుపు దాదాపు ఉన్నచోటే ఉంటే కన్ను తడిగా, బతికున్నట్టు కనపడుతుంది. పై రెప్ప గీత ఒక లేయర్, కింది గీత ఒకటి, రెప్ప పైన ముడత గీత ఒకటి.

అసలు మెలిక పై రెప్పలో ఉంది. కన్ను తెరిచి ఉన్నప్పుడు ఆ గీత పైకి వంగిన విల్లు. మూసినప్పుడు అదే గీత కిందికి జారి, కింది గీతను ఆనుకుని, కిందివైపు వంగాలి. సాఫ్ట్‌వేర్ కొత్త గీత గీయదు, మీరిచ్చినదాన్నే వంచుతుంది. కాబట్టి రెప్ప వెంట్రుకలను ముళ్లలా పొడుగ్గా, విడివిడిగా గీస్తే వంగినప్పుడు చిక్కుపడ్డ దారాల్లా అవుతాయి. మందపాటి పట్టీలా ఒక గీత, బయటి కొసన ఒకటో రెండో ముళ్లు, అంతే. నిజంగా వంగుతుందో లేదో ముందే చూసుకోవచ్చు. ఆ లేయర్‌ను కాపీ చేసి, మీ డ్రాయింగ్ యాప్‌లోనే మెష్ లేదా వార్ప్ టూల్‌తో కిందికి వంచండి. మూసిన కన్నులా కనపడితే సరే, లేకపోతే గీత ఆకారం మార్చండి.

నోటి విషయంలో వరస తిరగేయాలి. మూసిన నోటితో మొదలుపెట్టకుండా బాగా తెరిచిన నోరు ముందు గీయండి. అద్దం ముందు నిలబడి ‘ఆ’, ‘ఈ’, ‘ఊ’ అని సాగదీసి చూసుకోండి. ‘ఆ’కు నోరు నిలువుగా తెరుచుకుంటుంది, ‘ఈ’కి అడ్డంగా సాగుతుంది, ‘ఊ’కి ముడుచుకుంటుంది. లైవ్‌టూడీలో నోటికి ముఖ్యంగా రెండే కదలిక కొలతలు, వాటినే ప్యారామీటర్లు అంటారు: ఒకటి ఎంత తెరుచుకుంది, రెండోది నవ్వుకు సాగిందా, దిగులుకు వంగిందా అన్నది. ఈ రెండూ కలిస్తే మాట్లాడుతున్నట్టు కనపడేది ఆ ‘ఆ’ను బాగా గీసినప్పుడే. పై పెదవి గీత, కింది పెదవి గీత, నోటి లోపలి ముదురు రంగు, పళ్లు, నాలుక వేర్వేరు లేయర్లు. వీటితో పాటు కొత్తవాళ్లు ఎప్పుడూ మర్చిపోయేది ఇంకొకటుంది. పెదవి గీతలకు అంటిపెట్టుకుని, పైన ఒకటి, కింద ఒకటి చర్మం రంగు ముక్కలు పెట్టాలి. నోరు మూసుకున్నప్పుడు లోపలి ఎరుపు, పళ్లు బయటికి కనపడకుండా దాచేవి అవే. తర్వాత ‘మామ’, ‘పాప’ అని పలికి చూడండి. పెదాలు కలిసే ఆ క్షణంలో ఎర్రటి సన్నగీత మిగిలిపోతే ఆ ముక్కలు చిన్నవయ్యాయని అర్థం.

జుట్టును కుచ్చులుగా ఆలోచించండి. నడిమి ముంగురులు, వాటికి అటూఇటూ పక్క ముంగురులు, చెవుల ముందు వేలాడే రెండు పాయలు, వెనక జుట్టు. ప్రతి కుచ్చు మొదలూ ఇంకో కుచ్చు కిందికి దూరి ఉండాలి. వెనక జుట్టును తల వెనకంతా నిండుగా వేయండి, మధ్యలో తల అడ్డం ఉంది కదా అని ఖాళీ వదలకండి. తల పక్కకు తిరిగిన మరుక్షణం ఆ ఖాళీ పట్టుబడుతుంది. ఒక కన్నును పూర్తిగా కప్పేసే ముంగురులు గీయాలని చేయి లాగుతుంది. వద్దు. మీ పాత్ర భావాల్లో సగం ఆ కుచ్చు వెనకే ఉండిపోతాయి.

గీయడం అయ్యాక ఒక అరగంట కన్నాల వేటకు కేటాయించండి. అన్నిటికన్నా కింద ఎక్కడా వాడని, కొట్టొచ్చినట్టు కనపడే రంగు, గాఢమైన గులాబీ లాంటిది, ఒక లేయర్ నిండా పోయండి. ఇప్పుడు ముంగురులను పట్టుకుని కాస్త ఎడమకు లాగండి, కాస్త కుడికి లాగండి. ముఖాన్ని పైకి జరపండి. చెవి జూకాను ఊపండి. ఎక్కడ గులాబీ తొంగిచూస్తే అక్కడ రంగు పొడిగించండి. ఒక్కో లేయర్‌ను విడిగా చూపిస్తే అక్కడక్కడ చెదిరిపోయిన చుక్కలు కూడా కనపడతాయి, వాటిని తుడిచేయండి. రిగ్గింగ్ (బొమ్మకు కదలికలు కట్టే పని) చేసేవాళ్లను అన్నిటికన్నా విసిగించేవి ఆ చుక్కలే.

మీ చేతిపని గురించి రాశారు. దానికి నేను పెద్దగా ఓదార్పు మాటలు చెప్పను, అవసరం లేదు కాబట్టి. కదిలే బొమ్మకు నునుపైన షేడింగ్ కన్నా చదునైన రంగు, ఒక్క మెట్టు నీడ, శుభ్రమైన గీతలే బాగుంటాయి. ముఖానికి ఒకవైపు గాఢంగా నీడ వేస్తే తల అటూఇటూ తిరిగినప్పుడు వెలుతురు కూడా దాంతోపాటు తిరుగుతున్నట్టు ఉంటుంది, చూడలేం. మీకు అంతకన్నా ఎక్కువ రాకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. రంగులు మూడే పెట్టుకోండి, ఒకటి ఎక్కువగా, ఒకటి కొంచెం, మూడోది అక్కడక్కడ. మీ వెండి జుట్టు ముదురు రంగుల గేముల మీద బాగా నిలుస్తుంది. మంచు, ఆకాశం ఉన్న తెల్లటి దృశ్యాల్లో మాత్రం కలిసిపోతుంది, అందుకని బయటి గీత కాస్త ముదురుగా ఉంచండి. చర్మం చామనఛాయ అయినా, ఇంకా ముదురైనా నీడకు బూడిద రంగో నలుపో కలపకండి, ముఖం మసిబారినట్టవుతుంది. ఎరుపు వైపో ఊదా వైపో జరపండి. గీతలు నలుపు బదులు ముదురు గోధుమ రంగులో వేస్తే ముఖం మెత్తబడుతుంది. ఆకుపచ్చ తెర పెట్టి బ్యాక్‌గ్రౌండ్ తీసేద్దామనుకుంటే బొమ్మలో ఆ ఆకుపచ్చ ఎక్కడా ఉండకూడదు. వెబ్‌క్యామ్‌తో లైవ్‌టూడీ బొమ్మను ఆడించే వీట్యూబ్ స్టూడియో వాడితే ఈ గొడవ లేదు, బ్యాక్‌గ్రౌండ్‌ను పారదర్శకంగా పెట్టుకుని, స్ట్రీమ్‌ను పంపే ప్రోగ్రామ్ ఓబీఎస్‌లో గేమ్ క్యాప్చర్ కింద పారదర్శకతను అనుమతించే టిక్ పెడితే బొమ్మ ఒక్కటే వస్తుంది. ఓబీఎస్‌లో వెబ్‌క్యామ్‌ను మాత్రం పొరపాటున కూడా సోర్స్‌గా కలపకండి. ముఖం దాచుకోవడానికే కదా ఇంత శ్రమ.

ఫైల్ విషయాలు త్వరగా. లైవ్‌టూడీ ఎడిటర్ అయిన క్యూబిజం పీఎస్‌డీ ఫైల్ (లేయర్లు విడివిడిగా నిలిచే రకం) తీసుకుంటుంది. క్లిప్ స్టూడియో పెయింట్, క్రీటా, ప్రోక్రియేట్, ఇబిస్ పెయింట్ అన్నీ పీఎస్‌డీగా ఇస్తాయి. గీసేటప్పుడు ఒక్కో భాగానికి గీతలు, రంగు, నీడ వేరే లేయర్లలో ఉంటాయి. లైవ్‌టూడీకి ఇచ్చే కాపీలో మాత్రం ఆ మూడూ కలిపి ఒకే లేయర్ చేయాలి. క్లిప్పింగ్‌తో (కింది లేయర్ హద్దు దాటకుండా) వేసిన నీడలు, లేయర్ ఎఫెక్టులు అలాగే వదిలేస్తే లోపలికి వెళ్లాక రూపం మారిపోతాయి. అందుకే ఎప్పుడూ రెండు ఫైళ్లు ఉంచుకోండి, ఒకటి విడివిడిగా ఉన్న మూలం, రెండోది కలిపినది. లేయర్లకు పేర్లు పెట్టండి. ఎడమ, కుడి అంటే పాత్రకు ఎడమా, చూసేవాళ్లకు ఎడమా అన్నది మొదటి రోజే తేల్చుకుని చివరిదాకా అదే పాటించండి.

క్యూబిజంలో ఉచిత వెర్షన్ ఉంది, దానికి హద్దులున్నాయి. ఆర్ట్‌మెష్‌లు (కదిలే ముక్కలు) 100, డిఫార్మర్లు (ముక్కలను వంచే చట్రాలు) 50, ప్యారామీటర్లు 30, టెక్స్చర్ (ముక్కలన్నీ పేర్చే చిత్రం) 2048 పిక్సెళ్ల చదరం ఒక్కటి. నడుము దాకా ఉన్న బొమ్మకు 100 మెష్‌లు హాయిగా సరిపోతాయి. మొదట ఇరుకయ్యేది ప్యారామీటర్ల దగ్గర. తల మూడు దిక్కులా తిరగడం, రెండు కళ్లు, చూపు, కనుబొమలు, నోరు, ఒంటి ఊపు, ఊపిరి, ముందూ పక్కా వెనకా జుట్టు అనేసరికి దాదాపు అన్నీ అయిపోతాయి. మీ పాత డిజైన్‌లోని రెక్కలు, గొలుసులు ఒక్కోటి ఒక్కో ప్యారామీటర్ అడుగుతాయి. భుజాల పైకి ఎక్కించమని, ఒక్క గుర్తే ఉంచుకోమని అన్నది కంటికోసమే కాదు, ఇందుకు కూడా. టెక్స్చర్ హద్దును బట్టి కాన్వాస్ సైజూ తేలుతుంది. ముక్కలన్నీ ఆ 2048 చదరంలో ఇమడాలి, కాబట్టి పదివేల పిక్సెళ్ల ఎత్తున గీసినా చివరికి కుదించాల్సిందే. 3000 బై 4000 చాలు, మీ ట్యాబ్ కూడా లేయర్ల దగ్గర మొరాయించదు. ప్రో వెర్షన్‌ను 42 రోజులు ఉచితంగా వాడి చూసే వీలుంది. బొమ్మ గీయడం మొత్తం అయ్యాకే ఆ గడియారం మొదలుపెట్టండి.

గీయబోయే ముందు ఇంకో పని చేయండి. లైవ్‌టూడీ సంస్థ తన సైట్‌లో నమూనా మోడళ్లు పెట్టింది. మొమోసె హియోరి అనే అమ్మాయిది దించుకోండి, ఉచిత వెర్షన్‌కు సరిపడేలా చేసినదీ ఉంది. ఎడిటర్‌లో తెరిచి ఒక్కో భాగాన్ని దాచుకుంటూ వెళ్లండి. ముంగురులు తీసేస్తే నుదురు ఎలా ఉంది, నోటి దగ్గర ఎన్ని ముక్కలున్నాయి, మెడ ఎంత పైదాకా వెళ్లింది అన్నవి ఒక సాయంత్రంలో తెలిసిపోతాయి. ఇంతసేపు నేను మాటల్లో చెప్పింది అక్కడ కంటికి కనపడుతుంది.

గీయడం కన్నా స్ట్రీమ్ చేయడమే ముఖ్యమనిపిస్తే పిక్సివ్ వాళ్ల వీరాయిడ్ స్టూడియో ఉంది. స్లైడర్లు జరుపుతూ త్రీడీ పాత్ర తయారు చేసుకోవచ్చు, ఉచితం, వీఆర్ఎం అనే త్రీడీ అవతార్ ఫైల్‌గా బయటికి వస్తుంది, విండోస్ ల్యాప్‌టాప్ అయితే వీసీఫేస్ అనే ప్రోగ్రామ్‌లో వెబ్‌క్యామ్‌తోనే ఆడుతుంది. మీకు గీయడం ఇష్టమని రాశారు కాబట్టి దాన్ని నేను వేరే పనికి సిఫారసు చేస్తాను. మీ పాత్ర తలను అందులో చేసుకుని అటూఇటూ తిప్పి చూడండి. తల తిరిగినప్పుడు ముక్కు ఎటు జరుగుతుంది, దూరంగా ఉన్న కన్ను ఎంత సన్నబడుతుంది అన్నది రిగ్గింగ్ అప్పుడు పక్కన పెట్టుకుని చూడడానికి దానికి మించింది లేదు.

చివరగా, డబ్బిచ్చి చేయించుకోవడం. ఇందులో రెండు పనులున్నాయని గుర్తుంచుకోండి. బొమ్మ గీసేవాళ్లు వేరు, దాన్ని కదిలించే రిగ్గర్లు వేరు, రెండూ చేసేవాళ్లు కొందరే. వీట్యూబర్ల లోకంలో గీసినవాళ్లను ‘మామా’ అని, రిగ్ చేసినవాళ్లను ‘పాపా’ అని ముద్దుగా పిలుస్తారు. మీ విషయంలో నా సలహా, గీయడం మీరే చేయండి, రిగ్గింగ్ మొదటిసారి మీరే ప్రయత్నించండి, అక్కడ మరీ చేతకాకపోతే ఆ ఒక్క పనికే డబ్బు పెట్టండి. ముక్కలు సరిగ్గా విడదీసిన పీఎస్‌డీ మీ దగ్గరుంటే వాళ్ల పని తగ్గుతుంది, అడిగే మొత్తమూ తగ్గొచ్చు. ఏఐతో ఒక బొమ్మ తీయించి ఇచ్చేద్దామన్న ఆలోచన వస్తే, మళ్లీ ఒకే లేయర్ దగ్గరికే వచ్చారని గుర్తుపెట్టుకోండి.

బొమ్మ కూడా వేరేవాళ్లతోనే గీయించుకోవాలని నిర్ణయించుకుంటే, పని మొదలవకముందే అన్నీ రాతలో పెట్టుకోండి. స్ట్రీమ్ మీద డబ్బు సంపాదించుకోవచ్చా, బొమ్మను టీషర్టుల మీద వేసి అమ్ముకోవచ్చా, తర్వాత ఇంకొకరితో మార్పులు చేయించుకోవచ్చా, ఎన్నిసార్లు సవరణలు అడగొచ్చు, పేరు ఎక్కడ వేయాలి. ఇవేవీ అనుకోకపోతే బొమ్మకు డబ్బిచ్చినంత మాత్రాన హక్కులు మీవి అయిపోవు. వాళ్లు ఇంతకుముందు వీట్యూబర్ మోడళ్లకు గీశారో లేదో అడగండి, కదులుతున్న నమూనా ఒకటి చూపించమనండి, ఎందుకంటే చక్కటి చిత్రకారులు కూడా మొదటిసారి మీలాగే ఒకే లేయర్ మీద గీసి ఇస్తారు. చెల్లింపును విడతలుగా పెట్టుకోండి. లేయర్లున్న ఫైల్ మీ చేతికి వచ్చి, ముంగురులు దాచి కింద నుదురు ఉందని చూసుకున్నాకే ఆఖరి విడత పంపండి.